అత్యవసర నీలం

నూకరత్నం ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టింది. బ్యాటరీ తీగలు ఊడదీసి, ఇత్తడి గొలుసు ఒక కొస కారుకీ, ఇంకో కొస నేలలో దిగ్గొట్టిన మేకుకీ తగిలించింది. పొద్దుటినుంచి ఆమె పెట్రోలు తోడబోతున్న నాలుగో బండి ఇది. మెడలో వేలాడుతున్న సాక్షి, తోడిన ప్రతి చుక్కా లెక్క రాసుకునే మాటల యంత్రం, ఎప్పటిలాగే గొంతు సవరించుకుంది. దానికి గొంతు లేదు, అయినా సవరించుకుంటుంది.

"తోడకం పదకొండు వేల నాలుగు వందల ఆరు. యజమాని వాంగ్మూలం కావాలి."

జోగారావు గారు చేతికర్ర ఊపుకుంటూ వరండా దిగివచ్చారు. వయసు డెబ్భై దాటినా ఇస్త్రీ మడత చెదరని మనిషి. గేటు అవతల, ఒకప్పుడు రోడ్డు ఉన్నచోట, సముద్రం తాపీగా గోడను నాకుతోంది.

"చుక్క మిగలకుండా తోడెయ్యమ్మా. ఎల్లుండి కొండ మీది మెట్టనగరానికి ఎక్కాలి. మాఫీ కాగితం లేనిదే కొండ గేటు దగ్గర కాలు పెట్టనివ్వరట."

"అలాగే బాబూ. ముందు బండి మీద సెయ్యేసి సెప్పండి."

ఈ ఆనవాయితీ చట్టం పెట్టింది కాదు, పాత బండ్లలో పెట్రోలు తోడే పనివాళ్ళు, తొలినాటి తోడరులు, పెట్టుకున్నది. పెట్రోలు దాచుకున్నవాళ్ళు తామే ముందుకొచ్చి తోడించుకుంటే పాత నేరాలన్నీ చెల్లు అని మాఫీ చట్టం వచ్చాక, పక్కింటివాడి బండి తోడించి తన పేరున మాఫీ కొట్టేసే పెద్దమనుషులు పుట్టుకొచ్చారు. అందుకని యజమాని చేత ఒట్టు వేయించడం మొదలైంది. తర్వాత సాక్షులకీ అదే నేర్పారు.

జోగారావు గారు బానెట్ మీద అరచెయ్యి ఆనించారు. "ఈ బండి నాది. ఇందులో ఉన్నదీ నాదే," అన్నారు, పెళ్ళిపందిట్లో కన్యాదాత అంత నిండుగా.

"నమోదైంది," అంది సాక్షి.

నూకరత్నం తలొంచుకుని బండి కిందికి దూరింది. ఆయన తనని గుర్తుపట్టలేదు. పట్టడనీ తెలుసు. గేటు దగ్గర ఏడ్చినవాళ్ళ ముఖాలు గుర్తుపెట్టుకుంటే బంకు నడిపినవాడికి నిద్ర పట్టదు.

పద్దెనిమిదేళ్ళ కిందట, దేశమంతా పెట్రోలు ఆగిపోయాక, అంబులెన్సులకి మాత్రం కొంచెం మిగిలింది. దొంగలు తాకితే దొరికిపోవాలని అందులో నీలిమందు కలిపేవారు. దాన్నే జనం అత్యవసర నీలం అనేవారు. రేవు బంకులో ఆ నీలానికి కాపలాదారు ఈ జోగారావే. నూకరత్నం కూతురు వరాలుని పాము కరిచిన రోజున అంబులెన్సు బంకు ముందే నిలబడి ఉంది, డ్రైవరు సీట్లోనే కూర్చుని ఉన్నాడు. "చుక్క లేదమ్మా," అన్నాడు జోగారావు మెల్లగా, ఎంతో బాధపడుతున్నవాడిలా. తొమ్మిదేళ్ళ పిల్లని భుజాన వేసుకుని ఆమె ఆస్పత్రి దాకా నడిచింది. సగం దారిలోనే భుజం మీద బరువు మారింది. అయినా ఆగకుండా నడిచింది.

విచారణ జరిగింది. నిల్వ ఎండకి ఆవిరైపోయిందని రాశారు. రాసినవాళ్ళకి ప్రమోషన్లు వచ్చాయి.

పగ పెట్రోలు లాంటిది కాదు, ఏళ్ళ తరబడి నిలవున్నా చెడదు. ఆ పగతోనే నూకరత్నం తోడరి పనికి కుదిరింది. పదకొండేళ్ళుగా ఊరిలో మూలపడ్డ ప్రతి బండి కడుపూ వాసన చూసింది. ఈ వీధి కావాలని అడిగి మరీ వేయించుకుంది.

తుప్పు పట్టిన బిరడాకి నూనె రాసి, పానా వేసి తిప్పింది. మొదట జిగట కారింది. ఆ వెనకే ముక్కు పగిలే వార్నిష్ వాసన. ఆ తర్వాత ధార కట్టింది. డబ్బాలోకి పడుతున్న దాన్ని ఆమె తేరిపార చూసింది. అంచుల్లో ఆకుపచ్చ తిరిగింది, అడుగున చెత్త చేరింది, అయినా నీలం నీలమే. చీకటి ట్యాంకులో ఎండ తగలక భద్రంగా ఉంది. ఒళ్ళంతా మండిపోయింది. ఏడుపు రాలేదు. సంతోషం లాంటిదేదో వచ్చింది, అందుకు సిగ్గూ వెయ్యలేదు.

డబ్బా పట్టుకుని బయటికి వచ్చింది. జోగారావు గారి చూపు ఒక్క క్షణం దాని మీద నిలిచి, పక్కకి తప్పుకుంది.

"పాతబడింది కదమ్మా, రంగు మారుతుంది."

"పాతబడితే ఎర్రబడతాది బాబూ. నీలం తిరగదు."

ఆయన కర్రని నేలకి గట్టిగా ఆనించారు. "చట్టం రంగు అడగదు. నీ పని నువ్వు చూసుకో."

నిజమే. చట్టం రంగు అడగదు. ఎన్ని లీటర్లని మాత్రం అడుగుతుంది.

"పద్దెనిమిది లీటర్లు. ట్యాంకు ఖాళీ," అంది సాక్షి. "తోడరి వేలిముద్ర వేస్తే మాఫీ పూర్తవుతుంది. బండి చరిత్ర చెరిగిపోతుంది."

అగ్గిపుల్ల గీసెయ్యాలన్న ఆలోచన ఆమెకి రాకపోలేదు. వచ్చింది, కాసేపు కూర్చుంది కూడా. కానీ బూడిదకి రంగుండదు. ఆమె బిరడా తిరిగి బిగించి, గరాటు తెచ్చి ట్యాంకు మూతిలో పెట్టింది. డబ్బా ఎత్తింది.

"ఏం చేస్తున్నావ్!" అరిచారు జోగారావు గారు.

నీలం గళగళమంటూ వచ్చిన చోటికే వెళ్ళింది. సాక్షి మీటరు పదిహేడు, పదహారు, పదిహేను అంటూ వెనక్కి నడిచింది. అది పుట్టాక ఎన్నడూ అలా నడవలేదు.

"ఈ చర్యకు పేరు లేదు," అంది సాక్షి.

"పొయ్యడం అంటారు," అంది నూకరత్నం.

సాక్షి మళ్ళీ గొంతు సవరించుకుంది. తర్వాత చెప్పింది. "పొయ్యడం నమోదైంది. బండిలో ఇంధనం ఉంది. మాఫీ చెల్లదు. ఇంధనం తనదేనని యజమాని వాంగ్మూలం ఉంది. అది ఎక్కడినుంచి వచ్చిందో విచారణ తప్పనిసరి. ఇలాంటి ఉదాహరణ ఇంతకు ముందు లేదు కనుక అన్ని సాక్షులకూ తెలియజేయబడుతోంది."

గోడ అవతల, పక్క వీధిలో, ఇంకో తోడరి మెడలోని సాక్షి అదే గొంతుతో అడగడం వినబడింది. "తోడాలా, పొయ్యాలా?" ఆ పై వీధిలోనూ అదే మాట. ఇన్నేళ్ళలో ఏ తోడరినీ ఎవరూ ఏదీ అడిగింది లేదు. ఆ తర్వాత ఎక్కడో ఎవరో డబ్బా ఎత్తిన చప్పుడు, గళగళ.

జోగారావు గారి కర్ర జారి కింద పడింది. "ఎవరమ్మా నువ్వు?"

"మీ బంకు గేటు కాడ పిల్లనెత్తుకుని నిలబడ్డాను. మా గుంట పేరు వరాలు."

ఆయన బానెట్ పట్టుకుని నిలదొక్కుకున్నారు. "ముసలివాణ్ణమ్మా. నీళ్ళు గేటు దాకా వచ్చేశాయి. మళ్ళీ తోడి ఆ ముద్ర వేసెయ్యి. నీ కడుపున పుట్టినవాణ్ణి అనుకో, కొంచెం దయ చూపించు."

నూకరత్నం ఇత్తడి గొలుసు విప్పి సంచిలో వేసుకుంది. ఆయన వైపు తిరిగి, ఆ రోజు ఆయన అన్నంత మెల్లగానే అంది.

"సుక్క లేదు బాబూ."