నూట అరవై ఒక్క వోల్టులు

మార్కాపురంలో పలకల షెడ్డు వెనక ఏజెంట్ యోగేష్ శవం దొరికిన పూటే శివకృష్ణకు ఫోన్ వచ్చింది.

"కరెంటొచ్చిందా?"

"సింగిల్ ఫేజే సార్."

కోడ్ సరిపోయింది. అవతల ఉన్నది కౌంటర్ ఇంటెలిజెన్స్ చీఫ్ చంద్రశేఖరరావు. ఆయనకు మాటలంటే మహా పొదుపు.

"విదేశీ ముఠా. చిన్న డ్రమ్ములో విషరసాయనం. హీటర్ పెట్టి కాస్తే గ్యాస్. ఇవాళే ట్రయల్, మీ చుట్టుపక్కలే. యోగేష్ పోయేముందు పంపింది ఒక్కటే ముక్క. హీటర్ కాయిల్ రెసిస్టెన్స్ నలభై ఆరు ఓమ్‌లు. చోటు తెలీదు. నీ స్వర్ణలతను అడుగు."

'నీ' అన్నచోట పెద్దాయన కొంచెం నవ్వినట్టున్నాడు.

గిద్దలూరులో శివకృష్ణ వేషం మోటారు వైండింగ్ మెకానిక్. స్వర్ణలతది బస్టాండు ఎదుట బ్యూటీ పార్లర్. నల్ల కళ్లద్దాలు, ఎర్ర స్కూటీ, చూపు తిప్పుకోనివ్వని మనిషి. ముఠా దగ్గర జీతం తీసుకుంటూ వాళ్ల గుట్టు డిపార్ట్‌మెంటుకు చేరవేసే డబుల్ ఏజెంట్. సొంతూరు రాచర్ల అని చెప్పింది. నాయన గురవయ్య బోరు మోటారు లో వోల్టేజికి కాలిపోయి, పైరెండిపోయి, ఆయన మంచం పట్టిన సంగతి చెబుతూ ఒకరోజు ఏడ్చింది. శివకృష్ణ కూడా ఏడ్చాడు. ఈ మిషన్ కాగానే పెళ్లి అనుకున్నారు.

కబురందగానే ఆమె షాపుకొచ్చింది. అక్కడ లెక్కలన్నీ మార్కాపురం పలక మీదే. శివకృష్ణ కాయిల్ సంగతి చెప్పి, డ్రమ్ము కాగేందుకు ఎంతసేపు పడుతుందని అడిగాడు. ఆమె బలపం అందుకుంది.

"రెండొందల ముప్పై వోల్టుల్ని నలభై ఆరుతో భాగిస్తే కరెంటు ఐదు ఆంపియర్లు. రెండూ గుణిస్తే పవర్ వెయ్యిన్నూట యాభై వాట్లు. అరగంట చాలు శివా. డ్రమ్ము మార్కాపురంలో పెట్టినారు, ఆ పలకల షెడ్డులోనే. మీ వాళ్లను బిర్రున పొమ్మను."

శివకృష్ణ పలక వైపే చూస్తూ ఉండిపోయాడు. భాగహారం ఒప్పే, గుణకారం ఒప్పే. ఆమె అడగాల్సిన మాటే అడగలేదు.

ఈ సీమలో బోరు పక్కన పెరిగిన ఎవరైనా స్టార్టరు ముట్టుకునే ముందు వోల్టేజి ఎంతొస్తోందో చూస్తారు. పొలాల్లో మోటార్లన్నీ లేచాక ఊళ్లో బల్బులు ఎర్రబడతాయని పిల్లలకు కూడా తెలుసు. మోటారు కాలి మంచం పట్టిన గురవయ్య కూతురు, హీటరు అట్టపెట్టె మీద అచ్చేసిన రెండొందల ముప్పైని ఎలా నమ్మింది?

అతనికి అక్కడే ఏడుపొచ్చింది. అయినా తన అనుమానం తప్పు కావాలని ఎంతగా కోరుకున్నాడంటే, ఆమె ఎదుటే ఫోన్లో చీఫ్‌కు మార్కాపురం అని చెప్పేశాడు. కంభంలో కాచుకున్న టీమ్ అటు బయల్దేరింది. గ్యాస్ మాస్కులున్నది ఆ ఒక్క టీమ్‌కే. ఆమె స్కూటీ కదలగానే శివకృష్ణ వెంబడించాడు.

స్కూటీ మార్కాపురం దారి పట్టలేదు. గిద్దలూరులోనే, సంత వెనక రేకుల షెడ్డు ముందు ఆగింది. ఆ రోజు సంత. రాచర్ల నుంచి ఆటోల్లో మేకలు దిగుతున్నాయి, వందల మంది జనం. ఆమె వెనక గదిలోకి పోయేదాకా ఆగి అతను లోపలికి దూరాడు. డ్రమ్ము, హీటరు, గోడకు ప్లగ్గు. చేతిలో టాంగ్ టెస్టర్ ఉంది. తీగను కోయకుండానే కరెంటు కొలిచే పరికరం. డిపార్ట్‌మెంటు దాని లోపల ఒక ట్రాన్స్‌మిటర్ పెట్టింది. హీటరు తీగకు తగిలిస్తూ పక్కనున్న మీట నొక్కాడు. తానెక్కడున్నాడో చీఫ్‌కు తెలిసిపోతుంది. ప్లగ్గు పీకబోయాడు.

సైలెన్సర్ మెడకు ఆనింది.

"చెయ్యి తియ్యి. గోడకు ఆనుకుని కూర్చో." ఆ గొంతులో రాచర్ల యాస లేదు. మెడలో మాస్కు వేలాడుతోంది. "స్విచ్ వేసి పది నిమిషాలైంది. ఇంకో ఇరవై నిమిషాల్లో వాల్వు తెరుచుకుంటుంది. మీ టీమ్ అంతలోపల తిరిగి రాలేదు."

శివకృష్ణ టెస్టర్ వైపు చూశాడు. మూడున్నర ఆంపియర్లు. కాయిల్ నలభై ఆరు ఓమ్‌లు. గుణిస్తే నూట అరవై ఒక్క వోల్టులు. దాన్ని మళ్లీ మూడున్నరతో గుణిస్తే ఐదొందల అరవై మూడు వాట్లు. ఆమె వేసిన లెక్కలో సగం కూడా లేదు. అరగంట కాస్తా గంటవుతుంది. ఇప్పుడు కావలసింది ఆమెను మాటల్లో పెట్టడం. మాట్లాడాల్సింది అతనికి చాలానే ఉంది.

"మీ నాయన?"

"లేడు. ట్రైనింగ్‌లో ఇచ్చిన కథ."

"పెళ్లి?"

ఆమె వాచీ చూసుకుంది. ఇరవై నిమిషాలు దాటింది. బయట బేరాలు సాగుతూనే ఉన్నాయి. ఆమె ముఖం పాలిపోయింది.

"ఎందుకు తెరుచుకోలేదు?"

"పొలాల్లో మోటార్లేసినారు స్వర్ణా. ఇక్కడొచ్చేది నూట అరవై ఒకటే. పొద్దున నువ్వు వోల్టేజి అడుగుతావేమోనని చూసినా. అడగలేదు."

ఎక్కడ దొరికిపోయిందో ఆమెకు అర్థమైంది. పిస్టల్ అతని గుండెకు గురిపెట్టింది. చాలాసేపు అలాగే నిలబడింది. కాల్చలేదు.

డ్రమ్ము మీద వేడి చూపే ముల్లు ఎర్ర గీతను తాకబోతుండగా బల్బు ఆరిపోయింది. మార్కాపురం దారిలోంచి వెనక్కి మళ్లిన చంద్రశేఖరరావు మనుషులు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పీకేశారు. మరుక్షణం మాస్కులేసుకుని లోపలికొచ్చారు.

బేడీలతో జీపెక్కుతూ స్వర్ణలత వెనక్కి తిరిగింది. ఈసారి యాస మళ్లీ రాచర్లదే.

"మోటారు కాలిన కత అబద్ధమే శివా. ఆ పొద్దు నీతో ఏడ్చింది మాత్రం ఎవురూ నేర్పలేదు."

జీపు మలుపు తిరిగాక అతను ఆ డ్రమ్ము పక్కనే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు.

నెల తర్వాత ఊరి రైతులు లో వోల్టేజి మీద అర్జీ పట్టుకుని షాపుకొచ్చారు. "శివన్నా, నువ్వూ ఒక సంతకం పెట్టు." సంతను కాపాడింది ఆ లో వోల్టేజేనని వాళ్లకు చెప్పలేక అతను తల అడ్డంగా ఊపి వైండింగ్ పనిలో పడ్డాడు. మోటార్లు కాలితేనే కదా వీడికి బేరమని తిట్టుకుంటూ వాళ్లు వెళ్లిపోయారు.