దీవెన టీచర్ లీజరు పీరియడ్

మూడో పీరియడ్ గంట కొట్టబోతోంది. దీవెన టీచర్ ఫ్యాను కిందికి కుర్చీ లాక్కుని, ఫ్లాస్కు మూత తీసి, అప్పుడే టీ వంచుకుంది. తలెత్తేసరికి స్టాఫ్‌రూమ్ గుమ్మంలో క్రాంతి కుమార్ నిలబడి ఉన్నాడు. ఆ మొహమాటపు నవ్వు చూడగానే ఆమెకు విషయం అర్థమైపోయింది.

“వద్దు,” అంది.

“నేనింకా ఏమీ అన్లేదండీ.”

“అనొద్దనే చెప్తున్నా. వెళ్ళిపోండి.”

“శశిధర్ గారు సెలవండీ. సెవెన్త్ బి ఖాళీగా ఉంది. చిన్న అడ్జస్ట్‌మెంటు...”

“ఈ స్కూల్లో లీజరు నా ఒక్కదానికే ఏడ్చిందా మాస్టారూ? నిన్నా నేనే, మొన్నా నేనే! వెంకటపతి గారు అదిగో, పేపరు చదువుకుంటున్నారు. ఆయన్ని పంపొచ్చుగా?”

“ఆయనకి బీపీ అండీ.”

“నాకూ వస్తోంది!”

వెంకటపతి గారు పేపరు ఇంకాస్త పైకెత్తి మొహం దాచుకున్నారు. దీవెన టీ ఒక్క గుక్కలో మింగి, నాలుక కాల్చుకుని, సుద్దముక్క అందుకుని బయల్దేరింది. “ఈ డ్యూటీ అయిపోయిన మర్నాడు మళ్ళీ ఈ ఊరి గాలి పీల్చను, చూస్తూ ఉండండి,” అని వరండా అంతా వినబడేలా అంది. అది రోజూ అనే మాటే.

పాపం, ఆమె కష్టం ఆమెది. నందివాడ మండలంలోని ఆ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే లహరి టీచర్ కాన్పు సెలవులో వెళ్తే, ఆ ఖాళీలోకి బందరు నుంచి దీవెనని తెచ్చి పడేశారు. సొంత బడి మంగినపూడి రోడ్డులో, ఇంటి నుంచి స్కూటీ మీద పావుగంట. ఇప్పుడేమో తెల్లవారుతూనే రైలు, గుడివాడలో దిగి షేరాటో, ఆటో దిగీ దిగగానే హాజరు పడటానికి సెల్‌ఫోనుకి మొహం చూపిస్తూ సిగ్నల్ కోసం గ్రౌండంతా తిరగడం. ఇంత చేసి వస్తే, ఉన్న ఒక్క లీజరూ క్రాంతి కుమార్ నోట్లో పడిపోతోంది.

క్రాంతి సోషల్ మాస్టారు. ఎవర్నీ కాదనలేని మనిషి కాబట్టి, ఎవరూ ఒప్పుకోని పనులన్నీ హెడ్మిస్ట్రెస్ కనకరత్నం గారు అతని మెడకే చుట్టారు. సెలవు పెట్టినవాళ్ళ క్లాసుల్లోకి మిగతావాళ్ళని సర్దడం ఒకటి. టెన్త్ పిల్లల పరీక్ష ఎంట్రీలు ఆన్‌లైన్లో ఎక్కించడం రెండోది. నవంబరు రాగానే, “అవన్నీ ఇంగ్లీషులో కొట్టాలిగా, నువ్వూ కూర్చో అమ్మా,” అని కనకరత్నం గారు దీవెనని కూడా కంప్యూటర్ గదిలోకి తోశారు.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. సర్వరు కదలదు, కరెంటు నిలవదు. ఒక్కొక్క పిల్ల పేరు, ఆధారు, మీడియం, ఫొటో, ఆపైన గుర్తింపుకి రెండు పుట్టుమచ్చలు. అక్కడే వచ్చింది తంటా. శ్రీజ అనే పిల్లకి ఒక్కటే దొరికింది.

“ఇంకోటి చూసుకోవే తల్లీ. రెండు లేకపోతే ఇది ముందుకెళ్ళదు,” అంది దీవెన విసుగ్గా.

“లేదు టీచర్. ఇంటికెళ్ళి మా అమ్మనడిగొస్తా.”

“అదే మీకైతే వెతకక్కర్లేదండీ,” అన్నాడు క్రాంతి స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండానే. “ఎడం కనుబొమ్మ పక్కనోటి, గడ్డం కిందోటి. ఇట్టే అయిపోయేది.”

అనేశాక గాని ఏమన్నాడో అతనికి తెలియలేదు. చెవులు ఎర్రబడ్డాయి. వరసలో ఉన్న ఆడపిల్లలు నోటికి చున్నీలు అడ్డం పెట్టుకున్నారు.

“స్క్రీన్ చూడండి మాస్టారూ,” అంది దీవెన. గట్టిగా అనబోయి మెల్లగా అంది.

సాయంత్రం రైల్లో ఆమె సెల్‌ఫోను కెమెరా తెరిచి గడ్డం పైకెత్తి చూసుకుంది. నిజంగానే ఉంది! ఇన్నేళ్ళుగా తనకే తెలియని మచ్చ ఆ మనిషికి ఎలా కనబడిందో! కోపం తెచ్చుకోవాలని చూసింది, రాలేదు. ఈ మనిషి తనకి నచ్చాడు. అలా నచ్చినందుకు మాత్రం చాలా కోపం వచ్చింది.

ఎంట్రీలు ముగిసిన వారంలోనే, శనివారం నాడు, కనకరత్నం గారు ఇద్దర్నీ తన గదికి పిలిచారు.

“నీ కష్టం గట్టెక్కింది దీవెనా. సోమవారం నుంచి నీ బడికే వెళ్ళిపోవచ్చు. దివిసీమ నుంచి పూర్ణిమ అనే ఆవిడ వస్తోంది ఇక్కడికి. వాళ్ళాయనకి గుడివాడలో ఉద్యోగమట, ఆవిడా ఇటు రావాలనే చూస్తోంది. ఇదంతా క్రాంతి చలవే. మండలాఫీసుకి కాళ్ళరిగేలా తిరిగాడు.”

దీవెన పక్కకి తిరిగి చూసింది. క్రాంతి తల వంచుకుని, థాంక్స్ చెప్తే వద్దనడానికి సిద్ధంగా నిలబడి ఉన్నాడు. ఆమె మాట్లాడకుండా బయటికి నడిచింది. అతను వెనకే వచ్చాడు. సైకిల్ స్టాండు దగ్గర ఆగి గిర్రున తిరిగింది.

“ఎవరడిగారండీ మిమ్మల్ని?”

“మీరేగా అండీ... రోజూ...”

“విసుక్కుంటాను! విసుక్కుంటే పంపించేస్తారా? వానొచ్చిందని విసుక్కుంటాం, అలాగని వాన ఆపేయమంటామా? నేను చెప్పిన పిల్లలు నా ముందు పరీక్ష రాయాలని నాకుండదా? ఎన్నిసార్లు తిరిగారు ఆఫీసుకి?”

“లెక్కపెట్టలేదండీ.”

“ఆ తిరిగేదేదో నా దగ్గరికొచ్చి ఒక్క మాట అడగొచ్చుగా! అయినా ఒకటి చెప్పండి. అడ్జస్ట్‌మెంట్లు అందరికీ పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో పెడతారు. నాకు మాత్రం ఎదురుగా వచ్చి చెప్తారే, ఎందుకు? నేనంటే అంత లోకువా?”

క్రాంతి స్టాండులో ఎవరిదో సైకిలు బెల్లు పట్టుకుని తిప్పసాగాడు.

“గ్రూపులో పెడితే మీరు ‘ఓకే’ అని కొడతారండీ. ఎదురుగా వచ్చి చెప్తే తిడతారు.”

“తిట్లు తినడానికి వస్తారా?”

“రెండు నిమిషాలు నాతో మాట్లాడతారు కదండీ.”

దీవెన ఆ బెల్లు మీద చెయ్యి పెట్టి ఆపేసింది.

“మరి అంత ఇష్టమైతే పంపేయడమేమిటి?” అంది.

“మొన్న వానలో తడిసి, జ్వరంతో వచ్చి మరీ పాఠం చెప్పారు. నా రెండు నిమిషాల కోసం మిమ్మల్ని రోజూ అంత దూరం తిప్పడం పాపం అనిపించిందండీ. అందుకని...”

ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని తుడుచుకుంటూ కూడా కోప్పడటం మానలేదు.

“మీ అంత తిక్కమనిషిని నేనెక్కడా చూళ్ళేదు. సరే, ఆర్డరొచ్చాక చేసేదేముంది? ఇన్నాళ్ళూ నేను రైలెక్కి వచ్చాను. రేపు మీరెక్కండి. చర్చి అయ్యాక ఇంట్లోనే ఉంటాం. మా నాన్నగారితో మాట్లాడండి. ఏం మాట్లాడాలో కూడా నన్నే చెప్పమంటారా?”

“అక్కర్లేదండీ,” అన్నాడు క్రాంతి, ఇంతలేసి కళ్ళు చేసుకుని.

ఆదివారం వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మిఠాయి పొట్లం. దీవెన తండ్రి జీవానందం గారు కూర్చోమని, ఏం పని మీద వచ్చావు బాబూ అని అడిగారు. క్రాంతి మొదలుపెట్టాడు. టెన్త్ ఎంట్రీల గురించి చెప్పాడు. సర్వరు ఎప్పుడెప్పుడు మొరాయిస్తుందో చెప్పాడు. ఈ ఏడు పిల్లల్లో ఇంగ్లీషు మీడియం ఎంతమందో చెప్పాడు. జీవానందం గారు మర్యాదగా ఊకొడుతూ గోడ గడియారం వైపు చూశారు. వంటింటి గుమ్మంలో తల్లి ఆనందమ్మ పక్కన నిలబడి దీవెన పళ్ళు నూరుకుంటోంది. ఆఖరికి పరీక్ష సెంటర్లలో బెంచీల కొరత దగ్గరికి వచ్చేసరికి ఇక ఆగలేకపోయింది. గరిటెతో సహా హాల్లోకి వచ్చేసింది.

“నాన్నా, ఈయన నన్ను పెళ్ళి చేసుకుంటానని అడగడానికి వచ్చారు. ఇలా వదిలేస్తే పరీక్షలై, రిజల్ట్స్ వచ్చేదాకా అడగరు. నాకు ఇష్టమే. మీ ఇద్దరికీ కూడా ఇష్టమైతే అన్నాలు వడ్డిస్తాను.”

జీవానందం గారు కూతుర్ని చూశారు, గరిటెని చూశారు, చెమటలు కక్కుతున్న కుర్రాణ్ణి చూశారు. భార్య వైపు తిరిగితే ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంటూ నవ్వుతోంది.

“ఏమయ్యా,” అన్నారు చివరికి, “నిజమేనా?”

క్రాంతి లేచి నిలబడ్డాడు.

“నిజమేనండీ. మీ అమ్మాయి లేకుండా నేనుండలేనండీ,” అన్నాడు. ఈసారి గొంతు తడబడలేదు.

దీవెన చటుక్కున వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో హాల్లోవాళ్ళకి తెలియలేదు. లోపల్నుంచి కంచాల చప్పుడు మాత్రం వినిపించింది.

“చేతులు కడుక్కో బాబూ,” అంది ఆనందమ్మ.