పక్కసీటు పని

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. బండిలో పక్కసీటులో కూర్చున్నవాళ్లే దిగి గేటు తియ్యాలి. బండి దాటాక మూసి, గొలుసు తగిలించి ఎక్కాలి. వాళ్లు ఎక్కేదాకా నడిపేవాళ్లు ఆగాలి. రోడ్డు దిగితే అన్నీ పశువుల కంచెలే, గేట్లే.

మా ఆయన నెవిల్ పోయాక రెండు పనులూ నావే.

ఆ శనివారం ఉప్పుచెరువు, పాత రాగి గని చూసొద్దామని బయల్దేరాను. పెట్రోలు బంకు నడిపే డెస్ బండిలోకి తొంగిచూశాడు.

"ఒక్కదానివేనా రోండా? గేట్లెవరు తీస్తారు?"

"నాకు కాళ్లున్నాయిలే. నీకే నడుం లేదు."

"పొద్దుగూకేలోపు ఫోన్ చెయ్యి తల్లీ. లేకపోతే ఈ నడుంతోనే నిన్ను వెతుక్కుంటూ రావాలి."

ఉప్పుచెరువు కంటికి ఆనినంత మేరా తెల్లగా ఉంది. పిట్ట కూడా లేదు. అక్కణ్ణించి గనికి వెళ్లాను. ఎండకి కాలిన రేకుల వాసన. నిలువు గొయ్యిలోంచి మాత్రం చల్లటి గాలి, తుప్పు కంపు. గట్టున కూర్చుని శాండ్‌విచ్ తిన్నాను. ఒక రాయి లోపలికి విసిరాను. పడిన చప్పుడు రాలేదు.

లేస్తూ, పాత అలవాటు కొద్దీ, పైకే అనేశాను.

"ఇంటికి పోదాం పద."

తిరుగుదారిలో మొదటి గేటు. ఎండ ఎర్రబడుతోంది. బండి ఆపాను. నా తలుపు తియ్యకముందే పక్క తలుపు తెరుచుకుంది...

గాలి అనుకున్నాను. ఆకు కదలడం లేదు.

గేటు కిర్రుమంటూ వెనక్కి వెళ్లింది. దాటాను. అద్దంలో దుమ్ము తప్ప ఏమీ లేదు. వెనక గొలుసు గలగల. ఆగకుండా పోవలసింది. కానీ ముప్పై ఏళ్ల అలవాటు... నా కాలు బ్రేకు మీదే ఉండిపోయింది.

పక్కసీటు కుంగింది. తలుపు పడింది. సీటుబెల్టు పెట్టుకోమని బండి కూత మొదలెట్టింది.

"నెవ్?" అన్నాను గుసగుసగా.

కూత ఆగింది.

భయపడాల్సింది. సంతోషపడ్డాను. మిగతా గేట్లకి నేను దిగలేదు. దారి పొడుగునా వాగుతూనే ఉన్నాను. కారుతున్న కప్పు, డెస్ నడుం, ఒక్కదానికే వండుకోలేక తింటున్న డబ్బా బీన్సు. తుప్పు కంపు పెరిగింది. అద్దం దించలేదు, ఎక్కడ దిగిపోతాడో అని.

మా ఇంటి గేటు. తలుపు తెరుచుకుంది. గేటు తెరుచుకుంది. లోపలికి పోనిచ్చి ఆగాను.

సీటు కుంగలేదు.

దిగి గేటు దగ్గరికి వెళ్లాను. నెవిల్ ఎప్పుడూ తొందరే. గొలుసులో ఒక్క లింకు మేకుకి తగిలించి వచ్చేసేవాడు, తిట్టినా మారలేదు. ఇప్పుడు గొలుసంతా గుంజ చుట్టూ చుట్టలు చుట్టి, బిగించి, చివర ముడేసి ఉంది. లాగాను. గోళ్లు విరిగాయి కానీ ముడి కదల్లేదు.

డెస్‌కి ఫోన్ చెయ్యాలి. ఇక్కడ సెల్లు అందదు, ఫోన్ ఇంట్లో ఉంది.

ఇంటివైపు తిరిగాను. నేను తాళం వేసి వెళ్లిన తలుపు బార్లా తెరిచి ఉంది... నేను దాటేదాకా ఎవరో పట్టుకుని నిలబడ్డట్టు.