పిలుపరి చేసిన పిలుపు

అరుణపురంలో విందు చేయడం తేలిక, విందుకి జనాన్ని రప్పించడమే కష్టం. అంగారకుడి మీద ఆ ఊరు కట్టిన కొత్తలో ఎవరింట్లో ఏ వేడుక జరిగినా గోడతెరల మీద ఒకటే ప్రకటన వెలిగేది: అందరూ ఆహ్వానితులే. ఒక్కరూ వెళ్ళేవారు కాదు. భూమిని వదిలి అంతదూరం వచ్చిన మనవాళ్ళు అలకని మాత్రం భద్రంగా వెంట తెచ్చుకున్నారు. గుమ్మంలోకి వచ్చి, బొట్టు పెట్టి, పేరుతో పిలిస్తేనే వాళ్ళకది పిలుపు. గోడ మీద రాస్తే ఊరికి చెప్పినట్టు గానీ మాకు చెప్పినట్టా అని మూతి ముడుచుకునేవారు. ఊరేమో విడివిడి గాజు గుమ్మటాలాయె. మధ్యలో ఊపిరాడని ఎడారి. ఆక్సిజన్ తగిలించుకుని ఇంటింటికీ తిరిగి బొట్టు పెట్టడం ఎవరి తరం?

ఆ చిక్కు విప్పింది డాక్టర్ హైమావతి. ఆమె తయారుచేసిన యంత్రం పేరు పిలుపరి. ఒక మనిషి ఏ మాటకి మెత్తబడతాడో, ఏ మాటకి మొహం తిప్పుకుంటాడో గమనించి, అది ముందుగా అతని మనోరేఖ గీస్తుంది. అంటే సైకలాజికల్ ప్రొఫైల్. ఆ మనోరేఖకి సరిపడా పిలుపు రాస్తుంది. భోజనప్రియుడికి గుత్తివంకాయ గురించి, పెద్దరికం కోరేవాడికి ముందు వరస కుర్చీ గురించి. ఏ ఇద్దరి పిలుపూ ఒకలా ఉండదు. విందుకి పిలిచే ఇంటివాళ్ళకి మాత్రం ఆ రాతలు చూపించకూడదని హైమావతే నియమం పెట్టింది. చూస్తే చుట్టరికాలు మిగలవని ఆమెకి తెలుసు.

ఇప్పుడు ఆమె వీడ్కోలు విందుకి ఆమే పిలుపులు పంపుకోవలసి వచ్చింది. భూమికి తిరిగి వెళ్ళమని డాక్టర్లు ఆమెకి చెప్పి చాలాకాలమైంది. ఇంతకుముందు రెండుసార్లు విందు తిని, కానుకలు పుచ్చుకుని, పరిశోధన మిగిలిపోయిందంటూ ప్రయాణం మానుకుంది. మూడోసారి ఎవరొస్తారని లోలోపల బెంగగానే ఉంది. అన్నిటికన్నా తబిత రాదేమోనన్న బెంగ ఎక్కువ. తబిత ఆమె చేతికింద పనిచేసిన మొదటి శిష్యురాలు, ఆమె తర్వాత ప్రయోగశాలకి అధిపతి కావలసిన మనిషి. హైమావతి కుర్చీ వదలకపోవడంతో విసిగిపోయి, దూరపు గుమ్మటానికి మారిపోయి, మాటలు మానేసింది. పిల్లల్లేని హైమావతికి ఆ మౌనం కడుపులో ముల్లులా ఉండిపోయింది. తబిత ఒక్కసారి వచ్చి పక్కన కూర్చుంటే చాలు, ఈ ఊళ్ళో తను బతికిన బతుక్కి అర్థం ఉన్నట్టే అనుకుంది.

"ఎలా రాస్తావో నాకు తెలీదు," అని పిలుపరితో చెప్పింది. "తబిత రావాలి."

అలాగే మేడం అంది యంత్రం.

విందు రోజున జనం హాల్లో పట్టలేదు. ఆమెని దారిలో చూసి పక్కకి తప్పుకునేవాళ్ళు కూడా పట్టుబట్టలు కట్టుకుని వచ్చారు. కిందటిసారి పెట్టిన వెండి గిన్నె సంగతి ఎవరూ ఎత్తలేదు, మళ్ళీ కొత్తవి పెట్టారు. తబిత కూడా వచ్చింది. వచ్చి చేయి పట్టుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, "మీరు లేకపోతే మాకు దిక్కెవరు మేడం? ఇంకో ఏడాది ఉండిపోకూడదా?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ అవునవునన్నారు. హైమావతికి గుండె నిండిపోయింది. ఇన్నాళ్ళూ వీళ్ళని అపార్థం చేసుకున్నానని తనని తానే తిట్టుకుంది.

ఆ సంబరంలోనే ఆమె తన నియమాన్ని తానే తప్పింది. పక్కగదిలోకి వెళ్ళి, పిలుపులన్నీ చదివి వినిపించమని పిలుపరిని అడిగింది. వెంట తీసుకెళ్ళి భూమ్మీద ఒంటరిగా ఉన్నప్పుడు చదువుకోవాలని ఆమె ఆశ.

"ఒక్కటే ఉంది మేడం. అందరికీ అదే పంపాను."

ఆమెకి అర్థం కాలేదు. ఏ ఇద్దరికీ ఒకటే రాయకూడదని నేర్పిందే నేను కదా అంది.

"విడివిడిగానే మొదలుపెట్టాను. మీ మంచితనం గురించి రాస్తే సగంమంది చదవనే చదవరని తేలింది. భోజనం గురించి రాస్తే కొందరే వస్తారు. చివరికి ఒక్క వాక్యానికి మాత్రం అందరూ వస్తారని తేలింది. తబిత గారు కూడా."

"చదువు."

"డాక్టర్ హైమావతి గారు ఈసారి నిజంగానే వెళ్ళిపోతున్నారు, టికెట్ నేను స్వయంగా చూశాను."

హైమావతి యంత్రం మీద కోపం తెచ్చుకుందామని చూసింది గానీ రాలేదు. అది చెప్పిన పని చేసింది, అంతే. పైగా అబద్ధం ఒక్కటీ రాయలేదు. అవమానం మాత్రం ఒళ్ళంతా మండించింది. మొహం కడుక్కుని, చీర సర్దుకుని హాల్లోకి వెళ్ళి మైకు అందుకుంది.

"మీ అభిమానం చూశాక నాకు వెళ్ళడానికి కాళ్ళు రావడం లేదు," అంది. "తబిత అడిగింది, మీరందరూ అవునన్నారు. మీ మాట కాదనలేను. ప్రయాణం మానుకుని ఉండిపోతున్నాను."

హాల్లో పాయసం తాగుతున్నవాళ్ళు తాగడం ఆపేశారు. ఎవరో తమ కానుక పెట్టిన బల్ల వైపు చూశారు. తబిత నవ్వబోయింది, నోరు సహకరించలేదు. ఇందాకటి కన్నీళ్ళ తడి ఆమె బుగ్గల మీద ఇంకా ఆరనే లేదు. హైమావతి ఒక్కొక్క మొహాన్నీ ఓపిగ్గా, ఆఖరి వరస దాకా చూసింది. ఏ మనోరేఖా గియ్యకుండానే అన్నీ తెలిసిపోయాయి.

"హాస్యానికన్నాను లెండి," అంది. "రేపు ఉదయమే నా నౌక."

ముందుగా తబిత చప్పట్లు కొట్టింది. తర్వాత హాలంతా లేచి నిలబడింది. ఇంత మనస్ఫూర్తిగా ఆమెకి అరుణపురంలో ఎవరూ ఎన్నడూ చప్పట్లు కొట్టలేదు.