పసుపు పూసిన సర్వర్

పాతపోస్టాఫీసు దగ్గర అనీస్ వాచీల కొట్టు తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల అనీస్ బల్ల మీదకి ఒరిగిపోయి ఉన్నాడు. వీపులో రెండు తూటాలు. ఏజెంట్ కామరాజు వంగి నాడి చూశాడు. ఆడటం లేదు. ఈ కొట్టు ముసుగులో పనిచేసే తోటి ఏజెంట్, నిన్న సాయంత్రం టీ తాగుతూ కూతురి స్కూలు ఫోటో చూపించి మురిసిపోయిన మనిషి!

అతని గుప్పిట్లో సిగరెట్ అట్ట ముక్క. దాని మీద పెన్సిల్ రాత: "రాడార్ ఫర్మ్‌వేర్. పదకొండు."

కామరాజు గడియారం చూశాడు. పదీ ఇరవై.

జేబులో సెల్ మోగింది.

"అప్పన్న చందనం దొరికిందా?" చీఫ్ గొంతు.

"దొరికింది. ఇంకా ఆరలేదు." కోడ్ కుదిరింది. "సార్, అనీస్ పోయాడు."

అట్ట మీది మాటలు చదివి వినిపించగానే చీఫ్ గొంతు మారిపోయింది.

"విను. తొమ్మిది వేల టన్నుల అమ్మోనియాతో ఓడ హార్బర్ ఛానెల్‌లోకి వచ్చేసింది. వాయుగుండం వానకి ఓడ నడిపే పైలట్‌కి కళ్ళ ముందు ఏమీ కనబడటం లేదు. ఒడ్డున రాడార్ గది చెప్పే లెక్కల మీదే నడుపుతున్నాడు. మనం వెంటాడుతున్న ముఠావాళ్ళు దసరా నాడు ఫోన్ లైన్లోంచి దూరి ఆ గదిలోని సర్వర్ మదర్‌బోర్డు చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్ ప్రోగ్రాంలోనే విషం పెట్టారన్నమాట. పదకొండుకి అది ఆగిపోతుంది. అప్పటికి ఓడ మలుపులో ఉంటుంది."

"ఓడని ఆపలేమా?"

"ఆపితే గాలి రాళ్ళ మీదకి నెట్టేస్తుంది. తిప్పే చోటు లేదు. ట్యాంకు పగిలితే ఫిషింగ్ హార్బర్ నుంచి వన్‌టౌన్ దాకా మనిషి మిగలడు. మన ఆశాజ్యోతి ఆ రాడార్ గదిలోనే ఉంది. పరుగెత్తు."

పదీ ముప్ఫైకి ఖాకీ చొక్కాలో, టూల్ బ్యాగుతో, ఏసీ మెకానిక్ ఒకడు రాడార్ గదిలో అడుగుపెట్టాడు. ఆ వేషం వేస్తే ఏ ఆఫీసులోనూ ఎవరూ ఆపరని కామరాజుకి అనుభవం.

ఆశాజ్యోతి సర్వర్ పక్కనే నిలబడి ఉంది. షిఫాన్ చీర, గది నిండా సెంటు వాసన. ముఠాలో చేరి మనకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ఇక్కడ మాత్రం హైదరాబాద్ నుంచి వచ్చిన కన్సల్టెంట్.

"అసలు ఫర్మ్‌వేర్ ఇదే. త్వరగా ఎక్కించండి," అంటూ సీడీ అందించింది.

స్క్రూడ్రైవర్ పిడి తిప్పితే లోపలి నుంచి పెన్‌డ్రైవ్ ఊడివచ్చింది. అందులోని టూల్‌కి బొమ్మలూ బటన్లూ ఏమీ ఉండవు. నల్లటి స్క్రీన్ మీద కమాండ్ కొట్టాలి, అంతే. ఏదైనా రాసే ముందు ఉన్నదేమిటో చూడటం కామరాజుకి అలవాటు. చిప్‌లో ఉన్నదాన్నీ, సీడీలో ఉన్నదాన్నీ పోల్చమని కమాండ్ ఇచ్చాడు. నాలుగు నిమిషాలకి జవాబు వచ్చింది.

తేడా లేదు.

చిప్‌లో విషం ఉన్నప్పుడు సీడీలో ఉన్నదీ విషమే కదా!

"అనీస్ కూడా ఇలాగే అనవసరంగా చెక్ చేశాడు," అంది ఆశాజ్యోతి. చేతిలో బుల్లి పిస్టల్.

సరిగ్గా అప్పుడే ఆమె వెనక తలుపు తోసుకుని అటెండర్ దాలయ్య వచ్చాడు. చేతిలో పూజ పళ్ళెం. పిస్టల్ చూశాడు. ఆలోచించలేదు. ఆమె అటు తిరగగానే పళ్ళెంలోని కుంకుమంతా మొహాన కొట్టాడు. పిస్టల్ పేలింది, సీలింగ్ పెచ్చు రాలింది. మరుక్షణంలో నెట్‌వర్క్ కేబుల్‌తో ఆమె చేతులు కుర్చీకి బిగిసిపోయాయి.

పదీ నలభై. అయినా ఏం లాభం? అసలు ఫైలు ఎక్కడుంది? ఫోన్ లైన్లో తెప్పిద్దామంటే వానకి లైన్లు పడిపోయాయి. హైదరాబాద్ నుంచి మనిషి రావాలంటే ఒక పూట పడుతుంది. కామరాజు తల పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. అనీస్ ప్రాణం ఊరికే పోయినట్టేనా?

అప్పుడు కనిపించింది, మూలనున్న రెండో సర్వర్. ఒళ్ళంతా పసుపు, మూడు కుంకుమ బొట్లు, వాడిన బంతిపూల దండ.

"ఇదేంటి దాలయ్యా?"

"పాత డబ్బా బాబూ. డిస్కులు ఊడబీకీసినారు, దేనికీ పనికి రాదు. ఆయుధపూజ నాడు ఆ పెద్దది ఆపితే దొరగారు తిడతారని, అన్నిటి పేరునా దీనికే పూజ సేసి ఆపీసినాను."

"మళ్ళీ ఆన్ చెయ్యలేదా?"

"పూజ సేసిన మెషీను మంచి రోజు సూడకుండా ఎలగ ఏత్తాను బాబూ? ఈయేళ మంచిదని ఇప్పుడే ఇయ్యన్నీ అట్టుకొచ్చినాను."

కామరాజు ఎగిరి లేచాడు. రెండూ ఒకే మోడల్. దసరా నాడు ఆగి ఉంది కాబట్టి ముఠా దీన్ని ముట్టుకోలేకపోయింది. డిస్కులు లేకపోయినా చిప్ ఉంది. చిప్‌లో అసలు ఫర్మ్‌వేర్ ఉంది!

పెన్‌డ్రైవ్‌తో దాన్ని లేపి, చిప్‌లో ఉన్నదంతా చదివి ఫైల్ చేశాడు. పదీ నలభై తొమ్మిది. పెద్ద సర్వర్ ముందుకొచ్చి ఆ ఫైలుని చిప్‌లోకి రాసే కమాండ్ కొట్టాడు. పది శాతం. ముప్ఫై. మధ్యలో కరెంటు పోతే బోర్డు శవమే.

డెబ్భై శాతం దగ్గర లైట్లు ఆరిపోయాయి. యూపీఎస్ కుయ్యోమంది.

"బేటరీలు ముసిలివి బాబూ! మార్చమని రెండేళ్ళుగా సెప్తన్నాను, ఎవులూ ఇనరు!"

"రాడార్, సర్వర్, రేడియో తప్ప అన్నీ పీకెయ్!"

దాలయ్య దొరికిన ప్లగ్గల్లా పీకాడు. ఎనభై. తొంభై. తొంభై ఎనిమిది దగ్గర అంకె కదలనంది. కామరాజు ఎప్పుడూ తలుచుకోని దేవుళ్ళని కూడా తలుచుకున్నాడు. వంద!

పదీ యాభై ఏడు. ఇక సర్వర్‌ని ఆపి మళ్ళీ లేపాలి. రెండు నిమిషాలు రాడార్ ఉండదు. అతను రేడియో అందుకున్నాడు. ఓడ మీద పైలట్ గవర్రాజు పలికాడు.

"పైలట్, రెండు నిమిషాలు ఇక్కడి నుంచి ఏ లెక్కా రాదు. తిన్నగా పోనియ్."

"ఏటీ? ఎవుడివి బావా నువ్వు?"

"ఏసీ మెకానిక్‌ని."

"ఏసీ మెకానిక్ సెప్తే అమ్మోనియా ఓడ కళ్ళు మూసుకుని నడపాలేటి?"

"ఇప్పుడు రెండు నిమిషాలు మూసుకో బావా. లేకపోతే మలుపులో శాశ్వతంగా మూసుకోవాలి."

రేడియో గరగరల మధ్య సన్నగా, "సరే, కానియ్."

స్క్రీన్ నల్లబడింది. ఒక నిమిషం. ఒకటిన్నర. యూపీఎస్ అరుపు నీరసపడుతోంది. దాలయ్య రెండు చేతులూ జోడించి పెద్ద సర్వర్‌కే దణ్ణం పెడుతున్నాడు.

పదీ యాభై తొమ్మిదీ పది సెకన్లకి పచ్చటి గీత తిరిగింది. ఓడ చుక్క మెరిసింది. ఎడమ గట్టుకి అరవై మీటర్లలో!

"కుడికి! పూర్తిగా కుడికి!"

చుక్క మెల్లగా, మహా మెల్లగా, గట్టుని వదిలి మలుపు తిరిగింది. పదకొండు దాటింది. సర్వర్ ఆగలేదు. జనరేటర్ అందుకుని లైట్లు వెలిగాయి. కామరాజు గోడకి చేరబడి, అనీస్ కోసం, దాలయ్య చూస్తున్నాడన్న సిగ్గు లేకుండా ఏడ్చాడు.

అరగంట తర్వాత రేడియో మళ్ళీ పలికింది.

"మెకానిక్ బావా, ఓడ కట్టీసినాం. ఆ రెండు నిమిషాల్లో సింహాచలం అప్పన్నకి తలనీలాలు మొక్కీసినాను."

"మంచిది. ఎప్పుడిస్తున్నావ్?"

"నానెందుకిస్తాను? నాను మొక్కింది నీ జుట్టు!"

దేశం కోసం ప్రాణమైనా ఇస్తానని సర్వీసులో చేరిన రోజునే సంతకం పెట్టాడు గానీ, జుట్టు సంగతి ఆ కాగితంలో లేదని కామరాజుకి బాగా గుర్తు.