ముప్పై అయిదో బంతి

"ఆనకట్ట ఇంజనీరును కాల్చేశారు," అంది చీఫ్ ఒరాజ్‌గుల్. "ఆ రోజే రెండు లాటరీల నంబర్లు కలిశాయి. ముప్పై ఆరులో అయిదు తీసే మధ్యాహ్నం ఆట, నలభై తొమ్మిదిలో ఆరు తీసే సాయంత్రం ఆట. అయిదుకి అయిదూ!"

"మూడు లక్షల్లో ఒకసారి జరగాలక్కా," అన్నాడు ఏజెంట్ కువానిష్. "ఇది సిగ్నల్."

"విదేశీ ముఠా సిగ్నలే. పట్టుబడ్డ కొరియర్ కక్కేశాడు. ఇవాళ మళ్లీ కలిస్తే ఆనకట్ట పేల్చేస్తారు. ప్రసారం ఆగినా పేల్చేస్తారు. స్టూడియోలో యాంకర్ దిల్యారా మన మనిషే. నువ్వు మెకానిక్ వేషంలో వెళ్లు తమ్ముడూ."

ఆనకట్ట పోతే అల్మాతీ ఎగువ వీధులన్నీ బురదపాలు. అక్కడే కువానిష్ కూతురు ఇంకార్ ఉంది. రహస్యం కాబట్టి ఆమెకి చెప్పడానికి వీల్లేదు.

మధ్యాహ్నం వచ్చినవి 4, 11, 19, 23, 35. సాయంత్రం లైవ్ మొదలైంది. గాజు గోళంలో బంతులు గిరగిరా తిరుగుతున్నాయి. పక్కన దిల్యారా మెరిసిపోతోంది.

23. 4. తర్వాత 42. తర్వాత 19.

"మూడు కలిశాయి! ఏదో ఒకటి చెయ్!" చెవిలో చీఫ్ గొంతు.

"మూడంటే నూటికొకసారి వాటంతటవే కలుస్తాయి. ఆగండి."

11.

"నాలుగు! మూడు వేలకొకటి. ఇక ఇది అదృష్టం కాదక్కా."

అప్పుడు గమనించాడు. కలిసిన బంతి పడ్డ ప్రతిసారీ దిల్యారా ఉంగరం చెయ్యి గాజుకి ఆనే ఉంది. 42 పడ్డప్పుడు మాత్రం జుట్టు సర్దుకుంటోంది. ఉంగరంలో అయస్కాంతం, ఆ బంతుల్లో ఇనుము! నమ్మించి గొంతు కోస్తోంది. లైవ్‌లో ఆ చెయ్యి పట్టుకుంటే, ఆనకట్ట దగ్గర బాంబుతో కాచుకున్నవాడు టీవీలో చూసి పేల్చేస్తాడు.

విజేత కోసం పళ్లెం నిండా చాక్లెట్లు పెట్టారు. కువానిష్ గుప్పిళ్లతో తీసి, "శాషూ!" అని అరుస్తూ చల్లాడు. శుభానికి చల్లిన మిఠాయి ఏరుకోకపోతే కలిసొచ్చేది పోతుందని అక్కడివాళ్ల భయం. ముందు వరసలో అవ్వలు ఎగబడ్డారు.

"అది నాదే!"

"తొయ్యకే ముసలీ!"

గార్డు వంగాడు. కెమెరామన్ వంగాడు. గాజు మీంచి చెయ్యి తీసి దిల్యారా కూడా వంగింది.

బంతి పడింది. 36.

సిగ్నల్ రాలేదని ఆనకట్ట దగ్గరివాడు సంచీ సర్దుకున్నాడు. బేడీలు చూడగానే దిల్యారా, నోట్లో చాక్లెట్ కరిగేలోపే వాడి అడ్రసు చెప్పేసింది. వాడు దొరికాడన్న కబురు విన్నాక గానీ కువానిష్‌కి ఊపిరాడలేదు.

"ఆవిడ వంగుతుందనడానికి ఛాన్సెంత లెక్కేశావ్?" అంది చీఫ్.

"శాషూకి వంగనివాళ్లని మనలో ఒక్కరిని చూపించండక్కా, అప్పుడు లెక్కేస్తా," అంటూ కువానిష్ వంగి, కుర్చీ కింద దొర్లిన చాక్లెట్ ఇంకార్ కోసం ఏరుకున్నాడు.