విన్నవాళ్ళు ఒకటి నొక్కండి

ఆ ఊళ్ళోని బడులన్నిటి మీదా పెత్తనం చేసే ఆఫీసు ఒకటుంది. అందులో కబుర్లు చెప్పడమే ఒక ఉద్యోగం. ఆ ఉద్యోగం చేసే అమ్మాయిని అందరూ కబుర్ల మేడమ్ అనేవారు. సాయంత్రమైతే బడికెళ్ళే పిల్లలున్న ఇళ్ళన్నిటిలోనూ ఒకేసారి ఫోన్ మోగేది, ఎత్తితే ఆమె గొంతు వినిపించేది.

"ఆకులు రాలే కాలం వచ్చేసిందండీ. ఆటస్థలం మెట్లు జారుతున్నాయి, పిల్లలకి పట్టున్న బూట్లు వెయ్యండి. పిల్లలు మర్చిపోయిన స్వెట్టర్లన్నీ మా ఆఫీసు బీరువాలో ఉన్నాయి. అందులో నీలం రంగుది ఒకటి పెద్దవాళ్ళది. ఎవరిదో గానీ సిగ్గుపడకుండా వచ్చి తీసుకెళ్ళండి. విన్నవాళ్ళు ఒకటి నొక్కండి."

ఒకటి నొక్కితే కబురు అందినట్టు లెక్క. నొక్కకపోతే ఫోన్ కాసేపాగి మళ్ళీ మోగుతుంది. అప్పటికీ నొక్కకపోతే మర్నాడు మేడమే స్వయంగా ఆ ఇంటికెళ్ళి కబురు నోటితో చెప్పి రావాలి. ఆ రూలు పెట్టినవాళ్ళు ఎవరో ఇప్పుడు ఆఫీసులో లేరు, రూలు మాత్రం ఉంది. ఊళ్ళో ఎవరూ అంతదాకా తెచ్చుకునేవారు కాదు, బేకరీ వాళ్ళు తప్ప.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆమె గొడుగు మూసి, చెప్పులు తుడుచుకుని, కౌంటర్ దగ్గర నిలబడింది. లోపల ఒక యువకుడు మోచేతుల దాకా పిండి పూసుకుని ముద్ద పిసుకుతున్నాడు.

"బన్నా, బ్రెడ్డా అండీ?" అన్నాడు తలెత్తకుండా.

"ఏమీ వద్దండీ. మీ ఇంట్లో రెండో క్లాసు పాప ఉంది కదా?"

"మా అక్క కూతురు. ఏం చేసిందేమిటి?"

"పాప ఏమీ చెయ్యలేదు. మీరే చెయ్యలేదు. ఒకటి నొక్కలేదు."

అతను అప్పుడు తలెత్తాడు. "ఆ గొంతు మీదా! నేనెవరో రిటైరవబోయే టీచరమ్మ అనుకున్నానండీ."

ఆమెకి ఒళ్ళు మండింది. కౌంటర్ వెనక కుర్చీలో కూర్చున్న అతని తల్లి నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఎలా నొక్కమంటారు చెప్పండి?" అతను చేతులు చూపించాడు. "మీరు ఫోన్ చేసే టైముకి నా వాలకం ఇది. అక్క నర్సు, అప్పటికి డ్యూటీలో ఉంటుంది. అమ్మకి ఫోనంటే భయం, ఏది నొక్కితే ఏం పేలుతుందో అని. పాపకిస్తే అన్ని నంబర్లూ నొక్కేస్తుంది. ఫోను స్పీకర్లో పెట్టి షెల్ఫు మీద ఉంచితే మా కస్టమర్లతో సహా అందరం వింటాం. వినడం ముఖ్యమా, నొక్కడం ముఖ్యమా?"

"ఆఫీసుకి నొక్కడమే ముఖ్యం. మోచేత్తో నొక్కండి."

"ఏదీ, నొక్కి చూపించండి. నేర్చుకుంటాను."

పంతం కొద్దీ ఆమె తన ఫోన్ కౌంటర్ మీద పెట్టి మోచేయి ఆనించింది. ఒకటితో పాటు రెండూ నాలుగూ పడ్డాయి. రెండోసారి ఆనిస్తే ఫోన్ జారి బన్నుల ట్రేలో పడింది. ఈసారి పెద్దావిడకి కొంగు కూడా సాయం చెయ్యలేదు.

"నవ్వకమ్మా, మేడమ్ పాఠం చెబుతున్నారు," అన్నాడతను. ఆమె మొహం గంటు పెట్టుకుని కబురు గబగబా అప్పజెప్పి వెళ్ళిపోయింది. వీధి మలుపు తిరిగాక ఆమెకే నవ్వొచ్చింది.

తర్వాతి కబురుకీ బేకరీ వాళ్ళు నొక్కలేదు, ఆ తర్వాతి దానికీ అంతే. ఆమె వెళ్తూనే ఉంది. మొదట్లో నిలబడి చెప్పేది. పోనుపోను పిండి బస్తా మీద కూర్చుని చెప్పడం మొదలెట్టింది. అతను అన్నిటికీ ప్రశ్నలేసేవాడు.

"ఫొటోల రోజున పిల్లలు నవ్వాలా, బుద్ధిగా ఉండాలా?"

"ఎలాగైనా ఉండొచ్చండీ."

"ఆ నీలం స్వెట్టరు ఎవరిదో తేలిందా?"

"ఇంకా లేదు. దాని సంగతి మీకెందుకు?"

"చలికాలం వస్తోంది కదా, పాపం ఎవరో వణుకుతుంటాడని."

మాటల మధ్యలో పొయ్యి తలుపు తెరుచుకునేది, వేడి బన్ను ఒకటి కాగితంలో చుట్టుకుని ఆమె చేతిలోకొచ్చేది. వాన పడుతుంటే కబురు కాస్త పొడుగయ్యేది. చెప్పాల్సింది అయిపోయాక కూడా ఆమె కదిలేది కాదు. ఒకసారి పెద్దావిడ ఉండబట్టలేక, "అమ్మాయ్, వాన వెలిసి చాలాసేపైంది," అంది. ఆమె నాలిక కరుచుకుని, తెరవక్కర్లేని గొడుగు తెరిచి మరీ బయల్దేరింది.

అలా ఉండగా ఆఫీసర్‌గారు ఆమెను పిలిచారు. ఆయన బల్ల మీద కొత్త మెషిన్ అట్టపెట్టె ఉంది.

"చూడమ్మా, ఇది దానంతటదే చదివేస్తుంది. దీనికి జలుబు చెయ్యదు, సెలవు అడగదు. అయినా నీకొక అవకాశమిస్తాను. రేపు తల్లిదండ్రుల మీటింగు కబురుంది కదా? అన్ని ఇళ్ళ వాళ్ళూ ఒకటి నొక్కితే నువ్వే ఉందువు. ఒక్క ఇల్లు తగ్గినా నిన్ను పుస్తకాల గోడౌన్‌కి వేస్తాను, ఇక కబుర్లు ఈ మెషినే చెబుతుంది."

ఆ ఉద్యోగమంటే ఆమెకి ప్రాణం. ముక్కూమొహం తెలియని ఇళ్ళల్లో అన్నాలు తినే వేళకి తన గొంతు వినబడుతుందన్న ఊహే ఆమెకి జీతం కంటే తియ్యగా ఉండేది.

సాయంత్రం తిన్నగా బేకరీకి వెళ్ళింది.

"రేపు మాత్రం మర్చిపోకుండా నొక్కండి."

"నొక్కకపోతే ఏమవుతుంది?"

ఇక్కడే ఆమె పప్పులో కాలేసింది. ఉద్యోగం పోతుందని చెబితే అడుక్కున్నట్టుంటుందని అభిమానం అడ్డొచ్చింది. నవ్వేసి, "ఏమవుతుంది? మళ్ళీ నేను రావాలి," అంది.

అతను ఆ మాటని అపురూపంగా దాచుకున్నాడు.

మర్నాడు కబురు వెళ్ళింది. ఆఫీసు కంప్యూటర్ తెర మీద ఇళ్ళన్నీ ఒక్కొక్కటిగా పచ్చబడ్డాయి. ఎప్పుడూ విసుక్కునే వాళ్ళు కూడా నొక్కారు. చివరికి ఒక్క గడి ఎర్రగా మిగిలింది. అదెవరిదో ఆఫీసర్‌గారికి చెప్పక్కర్లేకపోయింది. గోడౌన్ తాళంచెవి ఆమె చేతిలో పెట్టారు.

ఆమె అక్కణ్ణుంచి తిన్నగా వచ్చేసరికి బేకరీలో బస్తా పక్కకి జరిగింది. ఆ చోట కొత్త స్టూల్ ఒకటి వేసి ఉంది.

"రండి రండి, మీ కోసమే కొన్నాను," అన్నాడతను, మొహమంతా నవ్వు చేసుకుని.

"నొక్కమన్నాను కదండీ!"

"నొక్కితే మీరు రారుగా."

అతను ఇన్నాళ్ళకి ధైర్యం చేసి అన్న మాట అది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి అతను అనుకున్న రకం నీళ్ళు కావు.

"నా ఉద్యోగం పోయిందండీ. మీరొక్కరు నొక్కలేదని."

అతని నవ్వు ఆరిపోయింది. "నిన్న... నిన్న మీరు చెప్పలేదే?"

"చెబితే తప్ప ఒక వేలు కదపలేరా? అయినా మీ చేతులు శుభ్రంగానే ఉన్నట్టున్నాయి."

అతను చేతుల కేసి చూసుకున్నాడు. పెద్దావిడ కుర్చీలోంచి లేచింది. "ఒరేయ్, ఫోను పక్కన రోజూ తడిగుడ్డ ఎందుకు పెట్టుకుంటున్నావో అనుకున్నాను! చెయ్యి తుడుచుకుని మరీ నొక్కకుండా కూర్చున్నావట్రా?"

ఆమె స్టూల్ మీద కూర్చోకుండానే వెళ్ళిపోయింది.

గోడౌన్‌లో పాత లెక్కల పుస్తకాలు, విరిగిన గ్లోబులు, దుమ్ము ఉన్నాయి. మాట్లాడటానికి ఎవరూ లేరు. ఆమె అక్కడ కూర్చుని అతన్ని మనసులోనే తిట్టుకునేది. తిట్లు అయిపోయాక బన్నులు గుర్తొచ్చేవి, దాంతో మళ్ళీ కోపమొచ్చేది.

మెషిన్ తన పని తను చేసుకుపోయింది. స్వెట్టర్ల సంగతీ, వర్షాల సంగతీ ఒకే గొంతుతో చదివింది. ఊళ్ళో సగం మంది అది ఏదో లోన్ ఇస్తామనే ఫోన్ అనుకుని పెట్టేసేవారు. ఎవరూ నొక్కేవారు కాదు. వెళ్ళి చెప్పిరావడానికి మెషిన్‌కి కాళ్ళు లేవు.

ఒకరోజు పొద్దున బడులు మొదలయ్యాక గాలివాన పట్టుకుంది. కాలువ పొంగి బస్సులు తిరిగే రోడ్డు మునిగేలా ఉంది. బడులు మూసేసి, మధ్యాహ్నంలోగా పిల్లల్ని ఇళ్ళకి పంపాలి. మెషిన్ ఆ సంగతి చక్కగా చదివింది. తెరంతా ఎర్రగానే ఉండిపోయింది. ఆఫీసర్‌గారు గోడౌన్‌కి పరుగెత్తుకొచ్చారు, గొడుగు తిరగబడి.

"అమ్మా, కొంప మునిగేలా ఉంది. ఎవరూ వినడం లేదు. ఒక్కసారి నువ్వు చెప్పు."

ఆమె లేచింది. మెట్లెక్కుతుంటే ఆయన ఆయాసపడుతూ అన్నారు, "ఆ బేకరీ అబ్బాయి రోజూ వచ్చి తప్పు నాది, ఆవిడది కాదని నా ప్రాణం తీస్తున్నాడు. రూలంటే రూలని పంపించేస్తున్నాను. నాకెందుకొచ్చిన రూలమ్మా ఇది!"

ఆమె లోపలికెళ్ళి కూర్చుంది. మైకు దగ్గరకు తీసుకుంది.

"నేనేనండీ, కబుర్ల మేడమ్‌ని. కాలువ పొంగుతోంది. దయచేసి వెంటనే వచ్చి పిల్లల్ని తీసుకెళ్ళండి. ఎవరూ కంగారు పడొద్దు, పిల్లలంతా లోపల పొడిగా, క్షేమంగా ఉన్నారు. విన్నవాళ్ళు ఒకటి నొక్కండి."

మాట పూర్తయిందో లేదో తెర మీద ఒక గడి పచ్చబడింది. అందరికంటే ముందు నొక్కిన ఆ ఇల్లు బేకరీ. దాని వెనకాల ఊరంతా పచ్చబడింది.

మధ్యాహ్నానికి ఆఖరి బిడ్డ కూడా గేటు దాటింది. ఆఖరిది అనుకున్నారు గానీ ఇంకొకతె ఉంది. మేనమామ చెయ్యి పట్టుకుని ఆఫీసు మెట్లెక్కి వస్తోంది. అతను నిలువునా తడిసి ఉన్నాడు. చేతిలో ఫోన్ నిండా పిండి, ఒకటి అంకె మీద వేలిముద్ర పడి గట్టిపడింది.

"నొక్కారే," అంది ఆమె.

"చేతులు తుడుచుకునే టైము లేకపోయిందండీ. ఇక నుంచి ప్రతిసారీ నొక్కుతాను. రూలు కోసం మీరు రానక్కర్లేదు. నేనే వస్తాను. ఇవాళ నా వస్తువొకటి తీసుకెళ్దామనొచ్చాను."

"ఏం వస్తువు?"

"నీలం స్వెట్టరు."

ఆమె అతని వంక చూసింది. "మొదటి కబురు నుంచీ చెబుతున్నాను కదండీ, సిగ్గుపడకుండా వచ్చి తీసుకెళ్ళమని!"

"సిగ్గుపడ్డానండీ. అందుకే అడగలేదు."

ఆమె బీరువా తెరిచి స్వెట్టరు తీసిచ్చింది. అతను దాన్ని వేసుకోకుండా చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

"మీరంటే నాకు చాలా ఇష్టం. మా అమ్మ మిమ్మల్ని స్టూల్ మీద కాదు, ఇంట్లో కూర్చోబెట్టమంది. నేనూ అదే అడుగుతున్నాను." పిండి పట్టిన ఫోన్ ఆమె ముందుకు చాపాడు. "విన్నట్టయితే ఒకటి నొక్కండి."

ఆమె ఫోన్ వంక చూసింది, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"నొక్కను."

అతని మొహం వాడిపోయింది.

"నొక్కితే మీరు మళ్ళీ చెప్పరుగా," అంది ఆమె.

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. పాప విసుక్కుని స్వెట్టరు పట్టి లాగింది. "మళ్ళీ చెప్పు మావయ్యా!"

అతను మళ్ళీ చెప్పాడు.